ఆరె అంటే సిగ్గెందుకు?

గుడ్డకు సూది, గోనెసంచికి దబ్బనం, తోలుకు ఆరె. మొదటి రెండు పేర్లూ మనం పదిమందిలో గట్టిగానే చెబుతాం. మూడోది వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. పేరుతోపాటు కులం బయటపడుతుందని భయం. ఆ భయం మనకు పుట్టుకతో రాలేదు, ఊరు నేర్పింది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఈ మాట మాత్రం ఇంకా వెలిలోనే ఉంది.

ఆరె అంటే కొయ్య పిడి, ఉక్కు మొన. సూది దిగని దళసరి తోలుకు అది బెజ్జం చేస్తుంది. కొన్ని ఆరెల మొన దగ్గర గాడి ఉంటుంది, దారాన్ని అదే పట్టి లాగుతుంది. బెజ్జం పెద్దదైతే కుట్టు వదులు, అంచుకు దగ్గరైతే తోలు చిరుగు. ఆ లెక్క చేతికి రావాలంటే ఏళ్లు పడుతుంది. మోటార్లు రాకముందు బావినీళ్లు తోడిన మోటల తోలు కుట్టిందీ ఆరే. ఊరి పంటలో దానికీ వాటా ఉంది.

అందరూ తాతల పనే చేయాలని మేము అనడం లేదు. పని మానవచ్చు, పనితనాన్ని చిన్నచూపు చూడకూడదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! సెలవులకు వెళ్లినప్పుడు పెద్దలనడిగి పనిముట్ల పేర్లు రాసుకు రండి. వచ్చే సంచికలో అచ్చు వేద్దాం.