చూసి వద్దాం రండి: ఫైలకా దీవి

ఈ దేశానికి చరిత్రంతా నూనెతోనే మొదలయిందని మన పిల్లలు అనుకుంటారు. నిజం చెప్పొద్దూ, మేమూ అలాగే అనుకునేవాళ్ళం. బుర్గాన్‌లో చమురు పడింది 1938లో. ఫైలకాలో మనుషులు కాపురాలు చేసి నాలుగువేల ఏళ్ళయింది!

మొన్న శుక్రవారం నాలుగు కుటుంబాలం కలిసి, పులిహోర పొట్లాలతో పడవెక్కాం. నగరానికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరం. 1958లో డెన్మార్కు వారు తవ్వకాలు మొదలుపెట్టి, దిల్మూన్ కాలపు వర్తకుల ముద్రలు వందలకొద్దీ బయటికి తీశారు. సింధు లోయతో వర్తకం చేసిన వాళ్ళే వీళ్ళు.

ఆ పక్కనే గ్రీకుల కోట, అందులో చిన్న గుడి. దీవికి ఇకారోస్ అని పేరు పెట్టించింది అలెగ్జాండరేనని గ్రీకు చరిత్రకారుడు అరియన్ రాశాడు. ఇక్కడ దొరికిన గ్రీకు శాసనంలో, దీవిలో స్థిరపడి సేద్యం చేసుకునేవారికి పన్ను మినహాయింపుల మాట ఉంది. గల్ఫుకు మనుషుల్ని రమ్మని పిలవడం అప్పుడే మొదలయిందన్నమాట!

అయితే పిల్లలు ఎక్కువసేపు నిలబడిపోయింది గుడి దగ్గర కాదు, జోర్ గ్రామంలో. (దక్షిణాన కరెంటు కేంద్రం ఉన్న జోర్ కాదు, ఇది వేరు.) 1990 దాకా ఈ దీవిలో సుమారు రెండువేల మంది ఉండేవారు. ఇరాక్ సైన్యం వాళ్ళను వెళ్ళగొట్టింది. యుద్ధం ముగిశాక వాళ్ళు నగరం వైపే స్థిరపడ్డారు, ఊరు మళ్ళీ ఊరు కాలేదు. గోడల నిండా తూటాల గుంటలు, తలుపుల్లేని వాకిళ్ళు.

"వీళ్ళు తాళం వేసుకుని వెళ్ళలేదా?" అని ఒక పాప అడిగింది.

మాలో ఒక జంట ఆ ఏడాదే ఫ్లాటుకు తాళం వేసి, బస్సులో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేరి, ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగినవాళ్ళు. తిరిగి వచ్చేసరికి ఫ్లాటులో గోడలే మిగిలాయి. ఆ తాళంచెవి ఇంకా బీరువాలోనే ఉందని ఆవిడ పాపకు చెప్పింది. ఆ సంగతి మేమూ అప్పుడే విన్నాం.

నవంబరు నుంచి మార్చి లోపల వెళ్ళండి. పడవ వేళలు ముందే కనుక్కోండి. నీళ్ళు దండిగా తీసుకెళ్ళండి, నీడ తక్కువ.