గుంపుకు ఏ మాట? మనకు ఏ పేరు?

వార్షికోత్సవ సంచిక అంటే హాస్టల్ జ్ఞాపకాలు రాయడం ఆనవాయితీ. ఈసారి మేము ఇంగ్లీషు గురించి రాస్తున్నాం. హాస్టల్ వదిలి కాలేజీ మెట్టెక్కిన మనవాళ్లలో చాలామంది నోరు మూయించింది అదే కాబట్టి.

మాలో ఒకడు తిరుపతిలో కాలేజీలో చేరిన మొదటి వారం పరిచయం చేసుకోమంటే లేచి, 'వియ్ ఆర్ ఎ మాబ్ ఆఫ్ స్టూడెంట్స్ ఫ్రమ్ ది హాస్టల్' అన్నాడు. క్లాసంతా నవ్వింది. వాడు వాడింది డిక్షనరీలో 'గుంపు' దగ్గర చూసిన మాటే. వ్యాకరణం సరిగ్గానే ఉంది, మాటల జతే కుదరలేదు. మాబ్ అంటే అల్లరికి దిగిన మూక. ఆ ఏడాదంతా వాడు క్లాసులో మళ్లీ నోరు విప్పలేదు.

ఇందులో భయపడాల్సిందేమీ లేదు. మన తెలుగులోనూ గొర్రెలకు మంద, కొంగలకు బారు, ద్రాక్షకు గుత్తి, అరటికి గెల. కొంగల గెల అంటే మనమూ నవ్వుతాం. ఇంగ్లీషులోనూ అంతే. తిరుమల కొండమీద కనిపించేది క్రౌడ్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్. శేషాచలంలో ఎర్రచందనం నరికించేది గ్యాంగ్ ఆఫ్ స్మగ్లర్స్. మనం గ్రూప్ ఆఫ్ స్టూడెంట్స్. ఒక్కో మాటను విడిగా బట్టీ పట్టకుండా జతగా నేర్చుకోవాలని మా అభిప్రాయం. స్కూల్లో ఫ్లాక్ ఆఫ్ షీప్ చెప్పించారు, మంచిదే. టీమ్ ఆఫ్ డాక్టర్స్, బెంచ్ ఆఫ్ జడ్జెస్, బోర్డ్ ఆఫ్ డైరెక్టర్స్ కూడా నేర్చుకోండి తమ్ముళ్లూ. రేపు మీరు కూర్చోవాల్సిన చోట్లు అవి.

ఇంకొక సంగతి. మనల్ని పిలిచిన ఇంగ్లీషు మాటల జతలూ ఉన్నాయి. బ్రిటిష్ వాళ్ల కాగితాల్లో మన పెద్దలు 'డిప్రెస్డ్ క్లాసెస్'. ఆ పేరు కించపరిచేదిగా ఉందని 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశం సమయంలో అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ రాసిచ్చారు. అంతకుముందే 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' అనే పేరు వద్దని 'ఆది ఆంధ్ర' అనే పేరు పెట్టుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా ఆ పేరును ఒప్పుకుంది. అప్పుడు మన చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1935 చట్టంతో 'షెడ్యూల్డ్ కాస్ట్స్' వచ్చింది. షెడ్యూల్ అంటే జాబితా, అంతే. అందులో తక్కువతనం ఏమీ లేదు.

రాజ్యాంగం 46వ అధికరణంలో 'వీకర్ సెక్షన్స్' అని ఉంది. ఆ మాట చదివి మనం బలహీనులం అనుకోకూడదు. ఆ అధికరణం ప్రభుత్వానికి పెట్టిన బాధ్యత. వాళ్ల చదువును, ఆర్థిక ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని చెబుతుంది. మనం తిన్న హాస్టల్ అన్నం దయ కాదు, ఆ బాధ్యతలో భాగం.

పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలిసినవాడు తలవంచడు. జత కుదరక ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. సరిచేసుకుని మళ్లీ మాట్లాడండి. మావాడిలా ఏడాదంతా మౌనంగా కూర్చోకండి. మనలో మనం మాత్రం గ్రూపులు కట్టవద్దు. ఆ మాటకు తెలుగులో ఉన్న అర్థం మనకు బాగా తెలుసు.