వెచ్చని నీళ్ల ఒడ్డున ఇల్లు



ఈ నెల కోనసీమ నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరానికి జవాబు వ్రాస్తున్నాను. ఆమె పేరు, ఊరు చెప్పను. అయితే పిల్లలు దూరదేశంలో ఉన్న కుటుంబాలు మన సంఘాలలో అనేకం ఉన్నాయి గనుక ఇది అందరూ ఆలోచించదగిన సంగతి.

ఆమె పెద్ద కుమారుడు చాలా ఏండ్లుగా అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర కాపురముంటున్నాడు. యాభై ఎనిమిది నిండాయి. మరి రెండేండ్లలో ఉద్యోగం విరమిస్తాడు. చిన్నతనాన గోదావరి పాయలో గెడవేసి పడవ నడిపినవాడు గనుక అక్కడ కూడా ఒక చిన్న మోటారు పడవ కొనుక్కున్నాడు. ఇప్పుడు ఉన్న ఇల్లు అమ్మివేసి, వెచ్చగా ఉండే చోటికి, పన్నెండు నెలలూ పడవ మీద తిరగగలిగే చోటికి వెళ్లిపోవాలని పట్టుదల. ఫ్లోరిడాలో కాలువ గట్టున ఒక ఇల్లు చూసి వచ్చాడు. కోడలు ససేమిరా అంటున్నది. కూతురు, మనవడు మిషిగన్‌లోనే ఉన్నారు. పైగా తుఫానుల భయం. భార్యాభర్తల మధ్య మాటలు తగ్గిపోయాయట. "అయ్యగారూ, వాడు నా మాట వింటాడు. కాని ఆ దేశం సంగతి నాకేమి తెలుసు? నేనేమని చెప్పను?" అని ఆ తల్లి అడుగుతున్నది.

అమ్మా, మీకు తెలియదని అనుకోకండి. 1996 నవంబరు 6న కోనసీమ మీదికి వచ్చిన తుఫానును మీరు కళ్లారా చూశారు. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వేలాది ప్రాణాలు తీసుకొనిపోయిన సంగతి మీ తరం వారికి ఎవరూ చెప్పనవసరం లేదు. నీటి ఒడ్డున ఇల్లు అంటే ఏమిటో మీకు బాగా తెలుసు. మిగిలిన వివరాలు నాకు తెలిసినంత వరకు చెబుతాను. ఇవి మీ అబ్బాయికి చదివి వినిపించండి.

మొదట ఒక మాట. మీ కుమారుని కోరికను తప్పుగా ఎంచకండి. గ్రేట్ లేక్స్ అనే ఐదు మహా సరస్సులలో నాలుగు మిషిగన్‌ను ఆనుకొని ఉన్నాయి. నీటికి కొదువ లేదు. కాని డెట్రాయిట్‌లో జనవరి మాసపు పగటి వేడిమి సుమారు సున్నా డిగ్రీలే. మే నుండి అక్టోబరు వరకే పడవ కాలం. తరువాత పడవను ఒడ్డుకు తీసి, ఇంజనులోని నీటినంతా తోడివేసి, దుప్పటివలె ప్లాస్టిక్ చుట్టి ఉంచాలి. లోపల నీరు మిగిలితే గడ్డకట్టి ఇనుమును సైతం పగులగొడుతుంది. ముప్పది చలికాలాలు మంచు ఎత్తిపోసిన మనిషి, వెన్ను నొప్పి వచ్చే వయస్సులో ఎండ కోరుకొనడం సహజమే. అతడు ఒంటరివాడు కాడు. ఉత్తర రాష్ట్రాల నుండి లక్షల మంది వృద్ధాప్యంలో దక్షిణానికి తరలిపోతూనే ఉన్నారు.

ఇక ఎక్కడికి? ఐదు చోట్ల సంగతి చెబుతాను.

ఒకటి, ఫ్లోరిడా నైరుతి తీరం. ఫోర్ట్ మయర్స్, కేప్ కోరల్ అనే పట్టణాలు ఇక్కడివే. జనవరిలో కూడా పగలు 23, 24 డిగ్రీలుంటుంది. ఆ రాష్ట్రంలో రిజిస్టరైన పడవలు దాదాపు పది లక్షలు. కేప్ కోరల్ ఊరిలో త్రవ్విన కాలువలే సుమారు 640 కిలోమీటర్లు. ఇంటి వెనుక గుమ్మం దిగితే పడవ. రాష్ట్రానికి కట్టవలసిన ఆదాయపు పన్ను కూడా లేదు. అయితే తుఫాను భయం మిక్కుటం.

రెండు, టెక్సాస్. హ్యూస్టన్ దగ్గర క్లియర్ లేక్ నుండి సముద్రపు ఖాతంలోకి పడవ వెళ్తుంది. ఆస్టిన్ దగ్గర ట్రావిస్ వంటి మంచినీటి జలాశయాలున్నాయి. తెలుగువారు విస్తారంగా ఉన్న రాష్ట్రం. ఆదాయపు పన్ను లేదు గాని ఇంటి పన్ను ఎక్కువ. కరవు వచ్చినప్పుడు జలాశయం నీరు దిగిపోయి, పడవ దించే వాలు ఎండిపోతుంది. ఇక తీరం మాటకొస్తే, గాల్వెస్టన్ పట్టణాన్ని 1900 సెప్టెంబరులో ఉప్పెన ముంచి వేలాది మందిని బలిగొన్నది. 2008లో ఐక్ అనే తుఫాను మరల వచ్చింది.

మూడు, ఆరిజోనాలో కొలరాడో నది మీది హవాసు సరస్సు. తుఫాను ఉప్పెన భయం లేదు. చలికాలం హాయి. అయితే 1994 జూన్ 29న అక్కడ 53 డిగ్రీల ఎండ కాసింది. ఆ రాష్ట్రంలో అదే రికార్డు. మన రెంటచింతల ఎండ ఎరిగినవారికే అది ఎంతటిదో అర్థమవుతుంది. అదే నది మీద ఎగువనున్న మీడ్ సరస్సు, నిండిన నాటి నుండి ఎన్నడూ లేనంతగా 2022 జూలైలో అడుగంటింది. నీళ్లు ఎప్పటికీ ఉంటాయని తలంచి ఇల్లు కొనరాదు.

నాలుగు, కాలిఫోర్నియాలోని శాన్ డియాగో. వేసవిలో ఉడుకు లేదు, చలికాలంలో వణుకు లేదు. వాతావరణం మాత్రమే చూస్తే ఇదే శ్రేష్ఠం. కాని ఇంటి ధర సామాన్యునికి అందదు. సముద్రపు నీరు కూడా చలికాలంలో 15 డిగ్రీల వరకు చల్లబడుతుంది. పడవ తిరుగుతుంది గాని అందులో దిగి స్నానం చేయలేరు.

అయిదు, అలబామా, టెనెసీ రాష్ట్రాలలోని జలాశయాలు. 1933లో ఏర్పడిన టెనెసీ వ్యాలీ అథారిటీ వారు కట్టినవి. మన దేశంలో 1948లో వచ్చిన దామోదర్ వ్యాలీ కార్పొరేషనుకు మాదిరి అదే. వాటిలో గంటర్స్‌విల్ సరస్సు నీటిమట్టం ఏడాది పొడుగునా రెండు అడుగుల కంటే ఎక్కువ మారదు. ఖర్చు తక్కువ. సముద్రానికి దూరం గనుక ఉప్పెన రాదు. మిషిగన్‌కు కారులో ఒక దినపు ప్రయాణం. అయితే జనవరి రాత్రులు గడ్డకట్టే చలి ఉంటుంది. పగలు దుప్పటి కప్పుకొని పడవ నడపాలి.

అన్నీ కలిసిన చోటు భూమి మీద లేదు, అమ్మా. ఏ లోటును భరించగలరో ఎంచుకొనడమే మిగిలిన పని. అందుకు నాలుగు లెక్కలు చూచుకొనమని చెప్పండి.

మొదటిది నీటి లెక్క. కాలువ గట్టున ఇల్లు కనుపించగానే మురిసిపోరాదు. కేప్ కోరల్ కాలువలలో సగానికి పైగా మంచినీటివి. వాటిలో పడవ ఊరిలోనే తిరగాలి గాని సముద్రానికి దారి లేదు. దారి ఉన్న కాలువల మీద కూడా వంతెనలున్నాయి. తెరచాప పడవ కొయ్య వాటి క్రింద పట్టదు. పాటు సమయంలో కాలువలో ఎన్ని అడుగుల నీరు నిలుస్తుందో అడగాలి. ఉప్పునీరైతే పడవ అడుగున గుల్లలు పడతాయి. తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇంజనును మంచినీటితో కడగాలి. మన వేటగాళ్లను అడిగినా ఈ మాటే చెబుతారు.

రెండవది ఉప్పెన లెక్క. అక్కడ తుఫానుల కాలం జూన్ 1 నుండి నవంబరు 30 వరకు. 2022 సెప్టెంబరు 28న ఇయన్ అనే తుఫాను గంటకు 240 కిలోమీటర్ల గాలితో సరిగా ఆ ఫోర్ట్ మయర్స్ తీరానికే వచ్చింది. సముద్రతీరాన నీరు పది అడుగులకు మించి లేచింది. నూరు మందికి పైగా చనిపోయారు. పడవలు ఎగిరి ఇండ్ల మధ్య పడ్డాయి. 2024 సెప్టెంబరు 26న హెలీన్ అనే తుఫాను టాంపా పట్టణానికి నూరు మైళ్లకు పైగా దూరంగా సాగిపోతూనే అక్కడి ఇండ్లలోకి ఉప్పెన తెచ్చింది. పదమూడు దినాలకే, అక్టోబరు 9న, మిల్టన్ వచ్చింది. గనుక గాలి ఎటు వెళ్తుందని కాదు, ఇంటి నేల సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున ఉన్నదని అడగాలి. ఫెమా అనే ప్రభుత్వ సంస్థ వేసిన వరద పటాలున్నాయి. ఏ ఇల్లు ఏ మండలంలో ఉన్నదో వాటిలో ఎవరైనా చూడవచ్చు. 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫాను చేసిన నాశనం తరువాత, 2002 నుండి ఫ్లోరిడా అంతటా గట్టి గృహనిర్మాణ నిబంధనలు అమలయ్యాయి. ఆ తరువాత కట్టిన ఇల్లు గాలికి బాగా నిలుస్తుంది.

ఇసుక మీద కట్టిన ఇంటి ఉపమానం మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఫ్లోరిడాలో ఒక వింత ఏమంటే, మయామి వైపు ఇసుక క్రింద రాయి ఉన్నది గాని అది సున్నపురాయి, స్పంజివలె చిల్లులమయం. కరకట్ట కట్టినా సముద్రపు నీరు క్రింది నుండి ఊరి వస్తుంది. కాబట్టి రాయి అన్న మాట విని ఊరుకొనక, ఎటువంటి రాయి అని కూడా అడగాలి.

మూడవది బీమా లెక్క. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. మామూలు ఇంటి బీమా గాలి నష్టానికి ఇస్తుంది గాని వరద నష్టానికి ఇవ్వదు. వరద బీమా వేరుగా కొనాలి. ప్రభుత్వ వరద బీమా ఒక ఇంటికి 2,50,000 డాలర్లు మించి ఇవ్వదు. మామూలుగా కట్టిన 30 దినాలకు గాని అమలులోనికి రాదు. అంటే తుఫాను వార్త విని పరుగెత్తినా లాభం లేదు. గాలి నష్టంలో కూడా మొదటి వాటా ఇంటివారిదే. 4,00,000 డాలర్ల ఇంటికి ఆ వాటా 5 శాతమని వ్రాసుకుంటే, మొదటి 20,000 డాలర్లు మీ అబ్బాయి చేతి నుండే పోతాయి. ఫ్లోరిడాలో ఈ మధ్య సంవత్సరాలలో అనేక బీమా కంపెనీలు దివాలా తీశాయి. గనుక ఇంటి ధర అడిగే ముందే, ఆ ఇంటికి బీమా ఎవరిస్తారు, ఏటా ఎంత అని వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. పడవ బీమాకూ ఇదే మాట. తుఫాను వస్తే పడవను ఎక్కడ దాస్తావని ఆ కంపెనీ అడుగుతుంది.

ఇల్లు కాక అపార్టుమెంటు కొందామంటే ఇంకొక సంగతి ఉన్నది. 2021 జూన్ 24న మయామి దగ్గర సర్ఫ్‌సైడ్‌లో సముద్రపు ఒడ్డు భవనం కూలి 98 మంది చనిపోయారు. తరువాత 2022లో రాష్ట్రం చట్టం చేసి, మూడు అంతస్తులూ ఆపైన ఉన్న పాత భవనాలను ఇంజనీర్లచేత పరీక్ష చేయించాలని, మరమ్మతులకు నిధి కూడబెట్టాలని ఆజ్ఞాపించింది. ఆ భారం అపార్టుమెంటు యజమానుల మీదనే పడుతుంది. కొనేముందు సంఘం లెక్కలు అడిగి చూడాలి.

నాలుగవది మనుషుల లెక్క. మీ అబ్బాయి అరవైకి విరమిస్తే, మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య సహాయం అరవై అయిదుకు గాని రాదు. మధ్యలో అయిదేండ్లు వైద్య బీమా సొంతంగా కొనాలి. ఆసుపత్రి ఎంత దూరం? రాత్రి గుండె నొప్పి వస్తే తలుపు తట్టేది ఎవరు? ఆరాధనకు, ఆదివారపు భోజనానికి మనవారెవరైనా ఉన్నారా? డెబ్భై ఎనిమిదేండ్ల వయస్సులో పడవ దిగలేని దినం వస్తుంది. ఆ దినాన అదే ఇంట్లో ఆమె ఏమి చేస్తుంది? ఈ ప్రశ్న పడవ నడిపేవారు వేసుకోరు. ఇంట్లో కూర్చుండేవారే వేస్తారు. కోడలు వేసినది ఈ ప్రశ్నే. దానిని పిరికితనమని త్రోసివేయడం న్యాయం కాదు.

అయితే కోడలికి కూడా ఒక మాట చెప్పండి. తుఫాను లేని చోటే ఉండాలంటే ఎక్కడా ఉండలేము. అదే హెలీన్ సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న ఉత్తర కరొలినా కొండలలో వరదలు తెచ్చి అనేకులను చంపింది. భయం మంచి సలహాదారు గాని, ఇంటి యజమానిగా ఉండరాదు. భర్త ముప్పది ఏండ్లు ఉద్యోగం చేసి కోరిన ఒక్క కోరికను వినకుండానే కొట్టివేయడం కూడా ప్రేమ కాదు.

గనుక నా సలహా ఇది. ఉద్యోగం విడిచిన మొదటి సంవత్సరం మిషిగన్ ఇల్లు అమ్మవద్దు. అక్కడ ఒక అద్దె ఇల్లు తీసుకొని ఇద్దరూ వెళ్లండి. జనవరిలో వెళ్తే ఏ ఊరైనా పరలోకంవలె కనుపిస్తుంది. అమ్మేవారు చూపించేది ఆ నెలలోనే. ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో వెళ్లి ఉండండి. ఉక్కపోత, మధ్యాహ్నపు పిడుగుల వానలు, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు విడిచిపోయే దారి, అన్నీ అనుభవానికి వస్తాయి. పడవను కూడా కొనక కొన్ని మాసాలు అద్దెకు తీసుకోవచ్చు. తరువాత ఇంకొక నెల గంటర్స్‌విల్ వంటి మంచినీటి సరస్సు దగ్గర ఉండి చూడండి. మనవడు సెలవులకు ఎక్కడికి సులువుగా రాగలడో అదీ తేలుతుంది. ఏడాది చివర ఇద్దరూ వేరువేరు కాగితాల మీద తమ తీర్పు వ్రాసి, కలిపి చదువుకోవాలి. రెండు కాగితాలూ ఒక్క ఊరి పేరు చెప్పేవరకు ఏ దస్తావేజు మీదా సంతకం చేయవద్దు.

అమ్మా, మీరు చేయవలసిన పని ఒకటే. ఈసారి ఫోను వచ్చినప్పుడు కొడుకుతో ఒక్కడితో మాట్లాడక, కోడలిని కూడా ప్రక్కన కూర్చుండబెట్టమనండి. 1996లో మీ ఇంట్లో నీరు ఎక్కడి వరకు వచ్చిందో ఇద్దరికీ చెప్పండి. తరువాత అదే గోదావరి మీద మీ అబ్బాయి చిన్నతనాన ఎంత సంతోషంగా తిరిగాడో అదీ చెప్పండి. రెండూ నిజాలే. ఆ రెండూ విన్న తరువాత నిర్ణయం వారిద్దరిదిగా విడిచిపెట్టండి.

దేవుడు మీ కుటుంబాన్ని సమాధానంతో నింపును గాక.