ఆ ఆరు నెలలు ఎవరిస్తారు?

"పల్లెటూరి తల్లులకు అవగాహన లేదండీ!"

చంటిబిడ్డల పెంపకం ప్రస్తావన వచ్చినప్పుడల్లా చదువుకున్న మిత్రుల నోట ఈ వాక్యం తప్పక వినబడుతుంది. ఆరు నెలలు తల్లిపాలే పట్టమని ఎంత చెప్పినా వినరట, బర్రెపాలలో నీళ్ళు కలిపి పోస్తారట. అనంతపురం మెట్టనేలలో పుట్టి పెరిగిన నాకు ఈ మాట మింగుడుపడదు.

సలహా తప్పని నేననడం లేదు. అది అక్షరాలా సరైనది. కాన్పయిన గంటలోపే పట్టవలసిన ముర్రుపాలను పిండి పారబోయడం, పురిటిబిడ్డకు తేనె నాకించడం, ఆముదం పోయడం, పథ్యం పేరిట బాలింతకు మంచినీళ్ళు సైతం కొలిచి ఇవ్వడం మానవలసిన అలవాట్లే. పచ్చగా, చిక్కగా ఉండే ఆ ముర్రుపాలే బిడ్డకు రోగాల నుండి తొలి రక్షణ. ఎండ నలభై డిగ్రీలు దాటినా ఆరు నెలలలోపు బిడ్డకు విడిగా నీళ్ళు అక్కరలేదు. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళు నీరే. దాహం తీర్చవలసింది తల్లికి.

మా సీమకు ఇంకొక కారణం కూడా ఉన్నది. ఇక్కడి భూగర్భజలాలలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. 1995లో ప్రారంభమైన సత్యసాయి తాగునీటి పథకం ఏడువందలకు పైగా గ్రామాలకు నీరందించవలసి వచ్చిందంటే ఇక్కడి నీటి కష్టం ఎంతటిదో ఊహించుకోవచ్చు. తల్లి ఫ్లోరైడు నీళ్ళు తాగినా ఆమె పాలలోకి దిగేది అత్యల్పం. అదే బోరునీటితో డబ్బాపొడి కలిపితే ఆ ఫ్లోరైడంతా నేరుగా బిడ్డ కడుపులోకే పోతుంది. మరిగిస్తే క్రిములు చస్తాయి కాని ఫ్లోరైడు పోదు. పైగా బిందెడు నీటికే ఎదురుచూసే ఇంట్లో పాలసీసాను పూటపూటా ఉడకబెట్టేదెవరు? కరవునేల బిడ్డకు తల్లిపాలను మించినది లేదు.

సరే, ఆ పాలు పట్టేదెప్పుడు?

బిడ్డ చీకినకొద్దీ పాలు ఊరతాయి, చీకడం తగ్గితే ఇంకిపోతాయి. నెలల బిడ్డ రాత్రింబగళ్ళు కలిపి ఎనిమిది నుండి పన్నెండు మార్లు తాగుతుంది. శెనక్కాయ చేలో కలుపుకు పోయిన తల్లి మాపటికి గాని ఇల్లు చేరదు. పిండిపెట్టి పోరాదా అని సలహా చెప్పేవారున్నారు. పిండిన పాలు నాలుగు గంటలు నిలవడం పాతిక డిగ్రీల చల్లదనంలో మాట. వేసవిలో రేకుల ఇంటికి ఆ లెక్క వర్తించదు. అప్పుడు అవ్వ చేతికి వచ్చేది బర్రెపాల గిన్నెయే. దీనిని అజ్ఞానమనడం అన్యాయం. కూలికి పోకపోతే పొయ్యి వెలగదని ఆ తల్లికి తెలుసు.

ఆరు నెలలు కావాలని ప్రభుత్వానికి తెలియక కాదు. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి 26 వారాల జీతపు సెలవు ఇచ్చారు. 26 వారాలంటే సరిగ్గా ఆరు నెలలే కదా! అయితే అది పదిమందైనా పనిచేసే సంస్థల ఉద్యోగినులకు. శెనక్కాయ చేను సంస్థ కాదు. గర్భిణులకు, బాలింతలకు 6000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని 2013 నాటి ఆహారభద్రత చట్టం అన్నది. 2017 నాటి మాతృవందన యోజన తొలిబిడ్డకు 5000 అన్నది. రెండవ బిడ్డ ఆడపిల్లయితే 6000 అని తరువాత చేర్చారు. 2024లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 300 రూపాయలు. ఆ 5000 పదిహేడు రోజుల కూలికి కూడా సమం కాదు. మిగిలిన నూటఅరవై రోజులు ఆమె ఏం తినాలి?

ఉపాధి హామీ పథకం దేశంలో మొట్టమొదట ప్రారంభమైనది మా నార్పల మండలం బండ్లపల్లిలోనే, 2006 ఫిబ్రవరి 2న. తల్లులతోపాటు ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు పనిచోటికి వస్తే, వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని కూలి ఇచ్చి నియమించాలని ఆ చట్టంలో రాశారు. ఎంత మంచి మాట! కాగితం మీది ఆ నీడ పనిచోట్ల పడింది మాత్రం అరుదు. తుమ్మకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలే కూలితల్లికి దిక్కయింది.

ఇదంతా ఉచితాల కోరికంటారేమో. ఉద్యోగినికిచ్చిన సెలవును హక్కన్నాము. అదే కూలితల్లి దగ్గరికి వచ్చేసరికి ఉచితం ఎట్లా అయింది?

కాన్పయిన ప్రతి కూలితల్లికీ ఆరు నెలల కూలి చేతికివ్వండి. ఆ తరువాత కూడా పని దగ్గర నీడ, మంచినీళ్ళు, బిడ్డను చూసే ఒక మనిషిని ఏర్పాటు చేయండి. అప్పుడు కూడా ఆమె బర్రెపాలే పోస్తే అవగాహన సదస్సులు పెట్టుకుందాం, నేను కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంటాను. అంతదాకా ఆ తల్లిని తప్పుపట్టే అర్హత మనకు లేదు.