ఆనకట్ట నుంచి అమ్మ బిందె దాకా

'ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు' అన్నారు పెద్దలు. చిన్న ఇల్లు కట్టుకోవడానికే ఇంత యాతన పడే మనకు, దేశాన్ని కట్టడమంటే ఎంత పనో వేరే చెప్పనక్కర్లేదు. ఆనకట్టలు, కాలువలు, నాలుగు వరుసల రోడ్లు, రేవులు, మెట్రో రైళ్లు... వీటి గురించి పేపర్లో వార్త కనబడితే మనలో చాలామంది పేజీ తిప్పేస్తాం. 'అదంతా ఇంజినీర్లూ కాంట్రాక్టర్లూ మంత్రులూ చూసుకునే వ్యవహారం, మనకెందుకులే' అనుకుంటాం. కానీ పొద్దున్నే పంపులో నీళ్లు వస్తాయా రావా, బియ్యం కిలో ఎంత, అమ్మాయి కాలేజీ నుంచి ఎన్నింటికి ఇల్లు చేరుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు చాలావరకు ఆ వార్తల్లోనే ఉంటాయి. కాబట్టి ఇది మన వ్యవహారమే.

పెద్ద ప్రాజెక్టులే వద్దనే వారితో ఏకీభవించలేం. నాగార్జునసాగర్‌నే తీసుకోండి. ముక్త్యాల రాజా వంటి వారు పట్టుబట్టి సాధించిన ప్రాజెక్టు అది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. యంత్రాల కంటే మనుషుల చేతుల మీదే ఎక్కువగా ఆధారపడి, రాతితో కట్టిన ఆనకట్ట. వేలాది మంది కూలీలు, ఆడా మగా తేడా లేకుండా, నెత్తిన బరువులు మోసి లేపిన గోడ. పాలమూరు కూలీల చెమట అందులో ఎంతో ఉంది. ఆ చెమట ఫలితంగా నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇరవై లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఏర్పడింది. వరన్నం పండగనాడే చూసిన ఇళ్లలో రోజూ ఎసరు పెట్టుకునే రోజులు వచ్చాయి. దేశం తన తిండి తాను పండించుకోగలిగిందంటే, ఇలాంటి కట్టడాల పాత్ర చిన్నదేమీ కాదు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి కదా! సాగర్ నీటిలో మునిగిపోతుందని నాగార్జునకొండ లోయలోని బౌద్ధ శిథిలాలను జాగ్రత్తగా తవ్వి తీశారు. ముఖ్యమైన కట్టడాలను కొండమీద మళ్లీ నిలబెట్టారు, మ్యూజియం కట్టారు. మెచ్చుకోవలసిన పనే. కానీ శిలల పట్ల చూపిన ఆ శ్రద్ధ మనుషుల పట్ల అన్నిచోట్లా చూపామా? శ్రీశైలం జలాశయం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు మునిగాయి. 1981లో ఊళ్లను ఖాళీ చేయించిన తీరు ఆనాడే తీవ్ర విమర్శలకు గురైంది. ఇల్లు కోల్పోయిన కుటుంబానికి ఒక ఉద్యోగం అంటూ 98వ నంబరు జీవో వచ్చింది 1986లో. ఆ ఉద్యోగాల కోసం నిర్వాసితుల పిల్లలు దశాబ్దాల పాటు ఆఫీసుల చుట్టూ తిరిగారు, ధర్నాలు చేశారు.

ఊరు పోతే అందరికీ నష్టమే. ఆడవాళ్లకు మాత్రం అది రెండింతలు. ఎందుకంటారా? 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం దక్కేది ప్రధానంగా పట్టా ఉన్నవారికి. పట్టా ఎవరి పేరున ఉంటుందో మనకు తెలియనిదా! ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా అన్న చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1986లో, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా 2015-16 వ్యవసాయ గణన నాటికి దేశంలో స్త్రీల చేతిలో ఉన్న కమతాలు నూటికి పద్నాలుగే. చెక్కు మగవాడి పేరున వస్తుంది. అందులో ఎంత అప్పులకు పోయింది, ఎంత ఇంట్లోకి వచ్చింది అని అడిగే హక్కు ఇల్లాలికి ఉన్నా, అడగనిచ్చేదెవరు?

పైగా ఆమె పోగొట్టుకున్న వాటికి లెక్క కట్టే పద్దే లేదు. పెరట్లో కాసే బీర, సొర, ఊరి చెరువు గట్టున గడ్డి, దాన్ని మేసి పాలిచ్చే గేదె, అడవిలో ఏరుకునే చింతపండు, కుంకుడుకాయలు, అడ్డాకులు, వంటచెరకు. ఇవేవీ రికార్డుల్లో ఉండవు. 'ఒక్క క్షణం పిల్లాణ్ని చూస్తుండు వదినా, ఇప్పుడే వచ్చేస్తా' అని చెప్పుకునే పక్కింటి మనిషికి ఏ తహసీల్దారు వెల కడతాడు? కొత్త కాలనీలో పాలూ కూరా అన్నీ కొనుక్కోవాల్సిందే. చేతిలో పని ఉండదు, ఖర్చు మాత్రం పెరుగుతుంది.

సంతోషించదగ్గ విషయం ఏమిటంటే, 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భూసేకరణ, పునరావాస చట్టం ఈ అన్యాయాన్ని కొంత గుర్తించింది. వితంతువులను, విడాకులు పొందినవారిని, ఇంటివారు వదిలేసిన స్త్రీలను వేరే కుటుంబంగా లెక్కించాలంది. వయసొచ్చిన ఆడపిల్లా, మగపిల్లాడూ ఇద్దరూ విడి కుటుంబాలే. పునరావాసంలో ఇచ్చే ఇల్లు, స్థలం భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వవచ్చంది. సామాజిక ప్రభావం మదింపు చేసేటప్పుడు స్థానిక పంచాయతీని సంప్రదించాలంది. కానీ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలూ సవరణలు తెచ్చుకుని, కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ మదింపు నుంచి తప్పించే వీలు కల్పించుకున్నాయి. తొందరగా కట్టాలన్న ఆరాటం అర్థమవుతుంది. కానీ ఎవరికి ఏం నష్టమో తెలుసుకోకుండా తొందరపడితే, చివరికి కోర్టు కేసుల్లో ఇంకా ఆలస్యమయ్యేది ఆ ప్రాజెక్టే.

పోలవరం మన కళ్ల ముందున్న పరీక్ష. 2014 విభజన చట్టం దానికి జాతీయ ప్రాజెక్టు హోదా ఇచ్చింది. దాదాపు లక్ష కుటుంబాలు ఊళ్లు వదలాలి. వారిలో కోయలు, కొండరెడ్లు ఎందరో. ఆనకట్ట పని ఎంతవరకు వచ్చిందని లెక్కలు చెబుతుంటారు. ఎన్ని కాలనీల్లో పంపులు వచ్చాయి, అంగన్‌వాడీ తెరిచారా, ఎంతమంది ఒంటరి స్త్రీలకు తమ పేరున ఇల్లు దక్కింది అన్న లెక్క కూడా అంతే గట్టిగా చెప్పాలి.

కట్టడం పూర్తయితే కథ అయిపోయినట్టు కాదు, చివరి మనిషికి ఫలం అందాలి. సాగర్ ఆనకట్ట ఉన్న నల్గొండ జిల్లాలోనే ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన వారిని దశాబ్దాల పాటు చూశాం. దీపం కింద చీకటి అంటే అదే! 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక గానీ ఇంటింటికీ నదీజలం అన్న మాట అంత పెద్దయెత్తున పట్టాలెక్కలేదు. దేశం మొత్తమ్మీద 2019 ఆగస్టులో జల్ జీవన్ మిషన్ మొదలయ్యేనాటికి పల్లెల్లో కుళాయి ఉన్న ఇళ్లు నూటికి పదిహేడే. అంటే స్వాతంత్ర్యం వచ్చిన డెబ్బై రెండేళ్లకు కూడా ఆనకట్ట నుంచి బిందె దాకా మిగిలిపోయిన దూరాన్ని ఆడవాళ్లే నడిచారన్నమాట. నగరాల సంగతీ ఇంతే. 2017లో హైదరాబాద్ మెట్రో వచ్చింది, మంచిదే. స్టేషన్ నుంచి ఇంటికి వెళ్లే సందులో దీపం లేకపోతే, ఆ అమ్మాయికి రైలు సగం దారే.

అందుకే వచ్చే ఏ ప్రాజెక్టునైనా మనం నాలుగు ప్రశ్నలు వేద్దాం. పరిహారం, ఇల్లు ఎవరి పేరున ఇస్తున్నారు? గ్రామసభలో ఆడవాళ్లు కూర్చున్నారా, సంతకాలు పెట్టి వెళ్లిపోయారా? కొత్త ఊళ్లో పంపు, బడి, ఆసుపత్రి మనుషుల కంటే ముందే చేరాయా? ప్రాజెక్టు ఇచ్చే నీళ్లు, కరెంటు, రోడ్డు చివరి ఇంటి దాకా వస్తాయా? మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కలతో పాటు ఈ లెక్కలూ అడగాలి. ఓట్లకు వచ్చినవారిని నిలబెట్టి అడగాలి.

దేశం పెద్ద ఇల్లు. గోడలు ఎత్తుగా ఉండాల్సిందే. అయితే వంటింట్లో వెలుతురు ఉందో లేదో చూడకుండా గృహప్రవేశం చేసుకునే ఇల్లాలు ఉంటుందా?