మంగంపేటకి ఏ బోరు సరిపోతుంది?

పోయిన ఆదివారం పొద్దున్నే మా మేనమామ ఫోన్ చేశాడు. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే రెండే విషయాలు. ఒకటి నా పెళ్ళి, రెండోది మా అమ్మ మోకాళ్ళ నొప్పి. ఈసారి మూడోది వచ్చింది.

"అబ్బోడా, గన్ లైసెన్సు వచ్చేట్టుంది. చిన్నది, చొక్కా కింద కనపడకుండా పెట్టుకునేది కావాల. నైన్ ఎంఎం మంచిదా, పాయింట్ థర్టీ టూ మంచిదా? నువ్వు నెట్లో సూసి సెప్పు. లక్ష పైనే అయితాదంట. సగం నువ్వేసుకుంటే బాగుంటాది."

మా మామకి మంగంపేటలో ఓ చిన్న పల్వరైజింగ్ మిల్లుంది. గని నుంచి వచ్చిన ముగ్గురాయిని పిండి చేసి బస్తాలకెత్తే పని. తెలీనివాళ్ళకి చెప్తున్నా, ప్రపంచంలోని పెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో మా ఓబులవారిపల్లె మండలంలో ఉన్నదొకటి. ఇంగ్లీషులో బెరైటీస్ అంటారు. నీళ్ళకంటే నాలుగు రెట్లు పైనే బరువు. చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలిపేది దీన్నే. మా ఊళ్ళో చెట్లూ, ఇళ్ళూ, మనుషుల కనుబొమ్మలూ తెల్లగా ఉండేది కూడా దీనివల్లే.

సోమవారం ఆఫీసులో లంచ్ దగ్గర ఈ సంగతి తీశాను. అదే నేను చేసిన తప్పు. మా టీములో టెక్సాస్‌లో ఆరేళ్ళుండి వచ్చినాయన ఒకాయనున్నాడు. ఇక చూస్కోండి. నైన్ ఎంఎం కంటే తక్కువైతే అది తుపాకీయే కాదన్నాడు. ఇంకొకాయన .45 అన్నాడు. గేములాడే కుర్రాడొకడు 'స్టాపింగ్ పవర్' అని మొదలెట్టాడు. సాయంత్రం నాలుగింటికి కూడా చాట్‌లో లింకులు వస్తూనే ఉన్నాయి. ఇంత చర్చలో ఒక్కడు కూడా "మీ మామకి ఎవరితో ప్రమాదం?" అని అడగలేదు. మనం ముగ్గురాయి ఎగుమతి చేసి ఈ వాదన దిగుమతి చేసుకున్నామన్నమాట.

సరే, అసలు విషయానికొద్దాం.

మొదటి సంగతి. మన దేశంలో మామూలు మనిషికి 9 ఎంఎం పిస్టల్ ఇవ్వరు. అది నిషేధిత బోరు. .45 కూడా అంతే. సైన్యం, పోలీసులు వాడే తూటా జనం దగ్గర ఉండకూడదన్నది తెల్లదొరల కాలం నాటి ఆలోచన. వాళ్ళు పోయినా ఆలోచన పోలేదు, 1959 ఆయుధాల చట్టంలోనూ నిలిచింది. నిషేధిత ఆయుధం లైసెన్సు లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్ళ నుంచి 14 ఏళ్ళు. టెక్సాస్‌లో 2021 నుంచి 21 ఏళ్ళు నిండిన చాలామందికి పిస్టల్ పెట్టుకు తిరగడానికి పర్మిట్ కూడా అక్కర్లేదు. అక్కడివాడు కాలిబర్ గురించి కొట్టుకుంటే ఒక అర్థముంది, షాపులో అన్నీ ఉంటాయి కాబట్టి. మనం కొట్టుకోవడం ఎలా ఉందంటే, ఊళ్ళో ఉన్నది ఒక్క టిఫిన్ సెంటరు, అందులో దొరికేది ఇడ్లీ, బయట నిలబడి మసాలా దోసె మంచిదా పెసరట్టు మంచిదా అని గొడవపడ్డట్టుంది.

మరి మనకి దొరికేవేంటి? దాదాపుగా .32, కాదంటే .22. ఇక్కడ చాలామందికి తెలీని తిరకాసొకటుంది. మనవాళ్ళు '.32' అనే మాటని రెండు వేరే తూటాలకి వాడతారు. రివాల్వర్‌లో వేసేది ఒకటి, పిస్టల్‌లో వేసేది ఇంకొకటి. అశని లాంటి పిస్టల్‌లో పడేది 7.65×17, కాన్పూరు రివాల్వర్లలో పడేది 7.65×23. పేరొకటే కదా అని దాన్ని దీన్లో వాడకూడదు. 2014లో మహిళల కోసమని ఆర్భాటంగా తెచ్చిన 'నిర్భీక్' కూడా .32 రివాల్వరే. బరువు అరకేజీ, ధర అప్పట్లోనే లక్షా ఇరవై రెండు వేలు. ఏ ఆడపిల్ల భయంతో బతుకుతోందో ఆ పిల్ల కొనగలిగే ధరేనా అది? ఇక ఇషాపూర్ వాళ్ళ 'నిడర్' .22, పావుకేజీ. జేబులో పెట్టుకోవడానికి సుఖం, అంతవరకే.

లెక్కలు కావాలా? మనం ఇంజనీర్లం కదా, లెక్కలు లేకపోతే నిద్ర పట్టదు. 9 ఎంఎం తూటా గొట్టం దాటేటప్పుడు దాని శక్తి సుమారు 450-500 జౌళ్ళు. .32 పిస్టల్ తూటాది 170 చుట్టూ. .32 రివాల్వర్‌ది ఇంకాస్త తక్కువ. అంటే మూడో వంతు. "చూశావా, నేను చెప్పలా" అంటాడు టెక్సాస్ ఆయన.

ఆగండి సార్. మీ అమెరికా కథే చెప్తాను. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఎఫ్‌బీఐ వాళ్ళకీ ఇద్దరు బ్యాంకు దొంగలకీ కాల్పులు జరిగాయి. దొంగల్లో ఒకడికి 9 ఎంఎం తూటా చేతిలోంచి ఊపిరితిత్తుల దాకా వెళ్ళి, గుండె దాకా పోకుండా ఆగింది. వాడు ఆ దెబ్బతోనే పోరాడి ఇద్దరు ఏజెంట్లని చంపాడు, ఇంకొందరిని గాయపరిచాడు. తప్పు తూటాదే అన్నారు. ఎఫ్‌బీఐ 10 ఎంఎంకి వెళ్ళింది. దాని తన్నుడు ఎక్కువని .40కి వచ్చింది. తీరా ముప్పై ఏళ్ళు గడిచేసరికి, తూటాల తయారీ మెరుగయ్యాక, మళ్ళీ 9 ఎంఎం దగ్గరికే వచ్చి కూర్చుంది. ఇన్ని డబ్బులు పోసి వాళ్ళు తేల్చుకున్నదేంటయ్యా అంటే, తూటా తగినంత లోతుకి పోవాలి, తగలాల్సిన చోట తగలాలి, మిగతాదంతా తర్వాత. సినిమాలో లాగా తూటా తగిలి మనిషి ఎగిరి వెనక్కి పడడు. గుండెకి తగిలినా మెదడులో ఉన్న ఆక్సిజన్‌తో పది పదిహేను సెకన్లు పనిచెయ్యగలడని ఎఫ్‌బీఐ 1989లోనే రాసుకుంది. వేటకొడవలి పట్టుకున్నవాడికి పది సెకన్లు ఎంత పెద్ద టైమో మా సీమవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

తగలాల్సిన చోట తగలాలంటే ప్రాక్టీసు కావాలి. తూటాలు కావాలి, కాల్చడానికి రేంజి కావాలి. మా మామకి కోడూరు సంతకి పోయేందుకే తీరిక లేదు. లైసెన్సులో రాసిన కోటా తూటాలు కొని బీరువాలో అత్త పట్టుచీరల కింద పెట్టడం తప్ప ఆయన చేసేదేమీ ఉండదు. అలాంటివాడికి .32 ఐతే ఏంటి, .45 ఐతే ఏంటి!

ఇప్పుడు మా సీమ సంగతి. బయటివాళ్ళు సినిమాలు చూసి రాయలసీమ అంటే అందరి నడుముల్లో తుపాకులుంటాయనుకుంటారు. మా ఫ్యాక్షన్ ఆయుధం ప్రధానంగా నాటుబాంబు, వేటకొడవలి. 1998 మే 23న వై.ఎస్. రాజారెడ్డిని చంపింది బాంబులతో. 2005 జనవరి 24న అనంతపురం పార్టీ ఆఫీసులో పరిటాల రవిని చంపింది తుపాకులతోనే, కాదనను. కానీ ఆయనకి గన్‌మెన్ లేకనా? చంపాలని పథకం వేసుకుని వచ్చేవాడు మీ హోల్‌స్టర్ బటను ఊడేదాకా ఆగడు.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం నాకిష్టం లేదు. 2017 మే 21న కర్నూలు జిల్లా కృష్ణగిరి దగ్గర చెరుకులపాడు నారాయణరెడ్డి కారుని అడ్డుకుని నరికి చంపారు. లైసెన్సు రెన్యువల్ కాకపోవడంతో ఆయన తుపాకీ ఆ రోజు చేతిలో లేదని ఆయన పార్టీవాళ్ళు గట్టిగా అడిగారు. మా మామ కూడా ఇదే అడిగాడు. "ఆయప్ప దగ్గర గన్నుంటే బతికేవాడేమో కదరా?" బతికేవాడేమో. నేను కాదనను. అలాంటి ప్రాణభయం నిజంగా ఉన్నవాళ్ళకి లైసెన్సు ఇవ్వాలి, టైముకి రెన్యువల్ చెయ్యాలి. ఏ పార్టీ వాడన్నది చూడకుండా చెయ్యాలి. కానీ అక్కడ కూడా ప్రశ్న తుపాకీ ఉందా లేదా అన్నదే, అది ఏ బోరు అన్నది కాదు. పైగా ఎన్నికలొస్తే మనవాళ్ళు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో డిపాజిట్ చేయిస్తారు. మా దగ్గర ఎప్పుడు భయమో సరిగ్గా అప్పుడే మీ లక్ష రూపాయల ఇనుము రైటర్ గారి బీరువాలో పడుకుని ఉంటుంది.

సరే, మా మామకి శత్రువులెవరు? ఎవరూ లేరు. ఉన్నదల్లా మిల్లు లెక్కల దగ్గర భాగస్తుడితో రెండేళ్ళుగా గొడవ. ఆ భాగస్తుడు ఎవరో కాదు, అత్తకి పెదనాన్న కొడుకు. ఇద్దరి ఇళ్ళకీ ఒకటే ప్రహరీ గోడ. ఈ మాట విన్నప్పుడే నాకు కడుపులో తిప్పింది.

ఎందుకంటే మా పాత కడప జిల్లాలో ఈ మధ్య లైసెన్సు తుపాకులు పేలింది ఎక్కడో చూడండి. 2021 జూన్‌లో పులివెందుల మండలం నల్లపురెడ్డిపల్లెలో ఒకాయన లైసెన్సు తుపాకీతో అదే ఊరాయన్ని కాల్చి, తర్వాత తనని తాను కాల్చుకున్నాడు. ఇద్దరూ పోయారు. 2023 మార్చి 28న పులివెందుల టౌన్లోనే డబ్బుల గొడవలో లైసెన్సు తుపాకీ పేలి ఒకరు చనిపోయారు, ఇంకొకరు గాయపడ్డారు. రెండు చోట్లా ఎవరో ముసుగు దొంగలు రాలేదు. తెలిసినవాళ్ళు, పాత గొడవలు, మాటా మాటా పెరగడం. తుపాకీ లేకపోతే చొక్కాలు పట్టుకునేవాళ్ళు, పెద్దమనుషుల దగ్గరికి పోయేవాళ్ళు, మహా అయితే ఆస్పత్రి దాకా పోయేవాళ్ళు. నడుముకి అది ఉండటంవల్ల శవాల దాకా పోయింది. అక్కడ .32కీ 9 ఎంఎంకీ తేడా ఏమైనా ఉంటుందా? అన్నం తినే దూరం నుంచి కాలిస్తే 170 జౌళ్ళు ధారాళంగా సరిపోతాయి.

కాలిబర్ వాదన మీద నాకు మంట అందుకే. అది అబద్ధం కాదు, దాని లెక్కలు దానికున్నాయి. కానీ అది అసలు ప్రశ్నని కనపడకుండా చేస్తుంది. ఏది కొనాలి అని అడగడం మొదలెట్టగానే కొనాలా వద్దా అన్నది ఎప్పుడో తేలిపోయినట్టే. మన పనిలో కూడా చూస్తాం కదా, ఏ డేటాబేస్ వాడాలని మూడు వారాలు మీటింగులు పెడతారు, అసలీ అప్లికేషన్ ఎవడిక్కావాలో ఒక్కడూ అడగడు. అక్కడ పోయేది కంపెనీ డబ్బు. ఇక్కడ పోయేది మనిషి.

ఇంకో మాట, ఇది మనలాంటి వాళ్ళకి. ఊళ్ళో ఈ సరదాలకి డబ్బు చాలాసార్లు మన జీతాల్లోంచే పోతుంది. బండి కొనిపెట్టాం, ఇంటి మీద అంతస్తు వేయించాం, ఇప్పుడు గన్. "మా అల్లుడు సాఫ్ట్‌వేరు, నాకు గన్నుంది" అనేవి రెండూ ఒకే లైన్లో చెప్పుకునే దర్జాలయ్యాయి. దర్జా అయితే ఇంకో చిక్కు. 2016 రూల్స్ ప్రకారం బయట దాన్ని హోల్‌స్టర్‌లో కప్పి ఉంచాలి, నలుగురికీ చూపించకూడదు. పెళ్ళిలో గాల్లోకి కాలిస్తే 2019 సవరణ ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. చూపించుకోలేని దర్జా ఎందుకు చెప్పండి!

నిజంగా ప్రాణం గురించే భయమైతే మా గనుల చుట్టూ భయపడాల్సినవి వేరే ఉన్నాయి. 2021 మే 8న కలసపాడు మండలం మామిళ్ళపల్లె గని దగ్గర జిలెటిన్ స్టిక్స్ దించుతుంటే పేలి పదిమంది పోయారు. మిల్లుల్లో రాతిపొడి పీల్చి దగ్గేవాళ్ళని నేను చిన్నప్పట్నించీ చూస్తున్నాను. మా మామ మిల్లులో ఈ రోజుకీ కూలీలు ముక్కుకి తువ్వాలు కట్టుకుంటారు. మంచి మాస్కులకీ, దుమ్ము లాగే ఫ్యానుకీ నేను డబ్బిస్తానంటే మూడేళ్ళుగా "సూద్దాంలే" అంటున్నాడు.

మంగళవారం రాత్రి నేనే ఫోన్ చేశాను. "మామా, చట్టప్రకారం నీకు వచ్చేది .32, అందులో నువ్వు కొంటే రివాల్వరే కొను, పిస్టల్ వద్దు. తూటా ఇరుక్కుంటే తీసేంత అలవాటు నీకు లేదు. ఇంట్లో తాళం వేసే పెట్టె ముందు కొను, పిల్లోడు తొమ్మిదో తరగతి. కానీ సగం డబ్బులు మాత్రం నేనివ్వను. ఆ యాభై వేలు మిల్లు లెక్కలు చూడటానికి కోడూరు ఆడిటర్‌కి ఇస్తా, బావతో గొడవ తెంపుకో. కూలీల జీతాలు బ్యాంకులో వెయ్యి, నోట్ల సంచి పట్టుకుని రాత్రిపూట తిరగబాక. మిల్లు గేటుకి కెమెరాలు నేను పెట్టిస్తా."

కాసేపు ఏం మాట్లాడలేదు. వెనకాల టీవీ వినపడుతోంది. తర్వాత "అంత సదివి ఇదేనా నువ్వు సెప్పేది" అని పెట్టేశాడు. ఇది రాసేటప్పటికి నాలుగు రోజులైంది, మళ్ళీ ఫోన్ లేదు. నిన్న రాత్రి అత్త మాత్రం చేసింది. ఆడిటర్ నంబరు పంపమంది, మామకి చెప్పొద్దంది.

పంపాను.