ఇంటిల్లిపాదీ పాత పడవలో...

పాత ఇల్లయితే సున్నం వేసుకుని దిగిపోవచ్చు. పాత తెరచాప పడవ కొని ఇంటిల్లిపాదీ సముద్రం మీదికి వెళ్లాలంటే మాత్రం అలా కుదరదు. చెక్క ఎక్కడ పుచ్చిందో, తెరచాప కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగల్లో ఏది తుప్పు పట్టిందో చూసుకోవాలి. పిల్లలు జారిపోకుండా చుట్టూ వల కట్టాలి. పరుపులు, వంటపొయ్యి సంగతి ఆ తర్వాత. వీటన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకోటుంది... పడవే మునిగిపోతే?

ఇంగ్లండులో పాడి రైతు డూగల్ రాబర్ట్‌సన్. ఒకప్పుడు ఓడల్లో పనిచేసినవాడే. పొలం అమ్మేసి, 1922లో తయారైన 'లూసెట్' అనే 43 అడుగుల చెక్క పడవ కొన్నాడు. 1971 జనవరిలో భార్య లిన్‌, నలుగురు పిల్లలతో బయల్దేరాడు. పెద్దమ్మాయి బహమాస్‌లో ఆగిపోయింది. పనామాలో ఓ కుర్రాడు తోడయ్యాడు. 1972 జూన్ 15న, గాలాపగోస్ దీవులు దాటాక కిల్లర్ తిమింగలాలు ఢీకొట్టాయి. నిమిషాల్లో లూసెట్ మునిగిపోయింది!

మిగిలింది ఓ గాలి తెప్ప, ఓ బుల్లి పడవ. తెప్ప రెండు వారాలు దాటాక పనికిరాకుండా పోయింది. ఆ తర్వాత ఆరుగురూ ఆ బుల్లి పడవలోనే. ఒకరు కదలాలంటే అందరూ సర్దుకోవాలి. వాన నీళ్లు పట్టుకున్నారు. తాబేళ్ల మాంసం ఎండబెట్టుకున్నారు, నెత్తురు తాగారు. 38వ రోజున వీళ్లు వెలిగించిన మంట చూసి జపాన్ చేపల ఓడ వచ్చింది. ఆరుగురూ బతికారు.

ఇప్పుడైతే ఉపగ్రహం ద్వారా ఆపద కబురందించే 'ఈపర్బ్' పరికరం దొరుకుతోంది. కొనండి, కానీ దాన్నీ తెప్పనీ సామాన్ల అడుగున పెట్టకండి. పిల్లలకైనా చేతికందేచోటే ఉండాలి.